నొసట ఊరి పేరు లేని బస్సు

బస్సు కనబడగానే చూపరి కన్ను మొదట పోయేది దాని నొసటి మీదికి. అక్కడ ఒక ఊరి పేరు వ్రాసి ఉంటుంది. అక్షరం వచ్చినవాడు చదువుకొంటాడు, రానివాడు పక్కనున్నవారిని అడిగి తెలుసుకొంటాడు. ఎక్కడికి పోతుందో తెలియకుండా ఎవరూ బస్సు ఎక్కరు. ఊరి పేరు లేని బస్సు ఎదురైతే అది పెళ్లివారిదో, తీర్థయాత్రకు పోయేదో, లేక మరమ్మతు కొరకు షెడ్డుకు మళ్లినదో అయి ఉండాలని మనవారు అనుకొంటారు. అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ భాగంలో, టెనెసీ, జార్జియా, అలబామా, మిసిసిపీ, రెండు కరోలినాలు మొదలైన రాష్ట్రాల రహదారుల మీద, డెబ్బది ఏండ్లుగా మరొక తరహా బస్సులు తిరుగుతున్నవి. ఊరి పేరు ఉండవలసిన చోట వాటికి ఒక గాయక బృందం పేరు ఉంటుంది. కిటికీలకు పగటిపూట సైతం తెరలు దించి ఉంటవి. లోపల ఎవరో నిద్రపోతూ ఉంటారు. ముందటి రాత్రి ఒక ఊరిలో పాడి, ఈ రాత్రి మరొక ఊరిలో పాడబోయే వారు. అవి గాస్పెల్ గాయకుల బస్సులు.

గాస్పెల్ అంటే సువార్త. క్రీస్తు కథను, పరలోకపు ఆశను పాటగా పాడే ఈ సంగీతానికి అమెరికాలో రెండు పాయలు ఉన్నవి. ఒకటి నల్లజాతివారిది, బానిసత్వపు పొలాలలో పుట్టిన భక్తిగీతాల నుండి దిగివచ్చి, 1930 తరువాతి సంవత్సరాలలో చికాగో నగరంలో టామస్ డార్సీ వంటివారి చేతులలో కొత్త రూపు దాల్చింది. రెండవది తెల్లవారిది, పల్లెటూరి చర్చీలలో, సంగీత పాఠశాలలలో నలుగురు మగవారు నాలుగు స్థాయిలలో గొంతు కలిపి పాడే పద్ధతి. ఈ రెండవ పాయలో ఊరూరా తిరగడం వ్యాపారంగానే మొదలైందని చెప్పడానికి సంకోచించనక్కరలేదు. టెనెసీలోని లారెన్స్‌బర్గ్ అనే ఊరిలో పాటల పుస్తకాలు అచ్చువేసే జేమ్స్ డి. వాన్ 1910లో ఒక నలుగురి బృందాన్ని ఊళ్ల మీదికి పంపాడు. వారు పాడాలి, విన్నవారు పుస్తకాలు కొనాలి, అదీ ఏర్పాటు. పుస్తకాల తరువాత గ్రామఫోను రికార్డులు, వాటి వెనుక కాసెట్లు, ఆపైన సీడీలు వచ్చినవి గాని ఆ ఏర్పాటు మాత్రం మారలేదు. ఈనాటికీ కచేరీ ముగియగానే గాయకులు వేదిక దిగి తలుపు దగ్గర వేసిన బల్ల వెనుక నిలబడతారు. ఆ బల్ల మీద అమ్ముడుపోయినదే చాలాసార్లు బస్సుకు డీజిలు.

బస్సుకు ముందు కారు. నలుగురు గాయకులు, పియానో వాయించేవాడు ఒకడు, వెరసి అయిదుగురు ఒక కారులో. పైన సామాను, వెనుక పుస్తకాల పెట్టెలు, ఒళ్లో వేదిక మీద తొడుక్కోవలసిన కోట్లు. రాత్రి పది పదకొండు గంటలకు పాట ముగించి, మూడు నాలుగు వందల మైళ్లు పోయి, మరునాటి సాయంత్రానికి ముఖం కడుక్కొని నవ్వుతూ నిలబడాలి. 1948 నవంబరులో వాలీ ఫౌలర్ నాష్‌విల్ నగరపు రైమన్ ఆడిటోరియంలో తెల్లవారేదాకా సాగే సంగీత సభను ఏర్పాటు చేసిన తరువాత అట్టి రాత్రి సభలు దక్షిణాది పట్టణాలలో మరీ ఆదరణ పొందినవి. వినేవారు ఇంటికి పోయి పడుకొంటారు, పాడినవారు కారెక్కుతారు. ఆరడుగులకు పైబడిన మంద్రస్థాయి గాయకుడు వెనుక సీటులో ఇద్దరి నడుమ మోకాళ్లు గడ్డానికి ఆనించుకొని కూర్చుంటే, డ్రైవరు స్థానంలో ఉన్న మొదటి స్థాయి గాయకుడు కునికిపాట్లు పడకుండా ఉండడానికి కిటికీ అద్దం దించి చలిగాలి ముఖానికి కొట్టించుకొనేవాడు. ఆ కునికిపాటు ఎంతమందిని మింగిందో! 1958 నవంబరు 10న ఆర్కాన్సాస్ రాష్ట్రంలో మేరియన్ అనే ఊరి దగ్గర, గాస్పెల్ విడిచి లౌకిక గానం పట్టిన శామ్ కుక్ కారు ఒక లారీని వెనుక నుండి కొట్టుకొన్నది. డ్రైవరు మరణించాడు. పిల్‌గ్రిమ్ ట్రావెలర్స్ అనే గాస్పెల్ బృందపు యువ గాయకుడు లూ రాల్స్ రోజుల తరబడి స్పృహ లేకుండా పడి ఉండి ఎట్లాగో బ్రతికి బయటపడ్డాడు.

కారు బాధ పడలేక గాలిలోకి ఎగిరినవారూ ఉన్నారు. మిసిసిపీ రాష్ట్రంలో కౌలు సేద్యం చేసే పేద కుటుంబంలో పుట్టిన ముగ్గురు అన్నదమ్ములు, వారిలో పెద్దవాని కొడుకు కలిసి 1934లో బ్లాక్‌వుడ్ బ్రదర్స్ అనే బృందాన్ని ఏర్పరచుకొన్నారు. 1950లో వారు మెంఫిస్ నగరానికి కాపురం మార్చారు. పేరు పెరిగింది, పిలుపులు పెరిగినవి, ఊళ్ల మధ్య దూరమూ పెరిగింది. వారు సొంత విమానం ఒకటి సంపాదించారు. పెద్దవాని కొడుకు ఆర్.డబ్ల్యు. బ్లాక్‌వుడ్ దానిని నడిపేవాడు. 1954 జూన్ నెలలో న్యూయార్క్‌లో ఆర్థర్ గాడ్‌ఫ్రీ నడిపే ప్రసార పోటీలో పాడి గెలిచి, దేశమంతటా పేరు మార్మోగుతున్న రోజులవి. అదే నెల 30వ తేదీన అలబామాలోని క్లాంటన్ అనే చిన్న పట్టణంలో పీచ్ పండ్ల ఉత్సవానికి పోయారు. చీకటి పడే లోపల ఆ కొద్దిపాటి మైదానం నుండి విమానం ఎట్లా లేస్తుందో ఒకసారి పరీక్షించుకొందామని ఆర్.డబ్ల్యు., మంద్రస్థాయి గాయకుడు బిల్ లైల్స్, స్థానిక యువకుడు ఒకడు విమానం ఎక్కారు. లేచిన విమానం తిరిగి దిగబోతూ అదుపు తప్పి కూలి మండిపోయింది. ముగ్గురూ మరణించారు. తోడి గాయకుడు, ఆర్.డబ్ల్యు.కు చిన్నాన్న అయిన జేమ్స్ బ్లాక్‌వుడ్ నేల మీద నిలబడి ఆ దృశ్యం కళ్లారా చూశాడు. అన్న కొడుకే అయినా ఇద్దరూ ఇంచుమించు ఒక ఈడువారు. అన్నదమ్ముల వలె పెరిగినవారు. మెంఫిస్‌లోని ఎల్లిస్ ఆడిటోరియంలో జరిగిన అంత్యక్రియలకు వచ్చిన వేలమందిలో, ఇంకా ఒక రికార్డయినా వెలువడని పందొమ్మిదేండ్ల ఎల్విస్ ప్రెస్లీ కూడా ఒకడు.

మళ్లీ పాడనని జేమ్స్ అన్నాడట. పాడాడు. లైల్స్ స్థానంలోకి ఫ్లోరిడా నుండి వచ్చిన జె.డి. సమ్నర్ చేరాడు. ఎత్తరి, మాటకారి, మనుష్యకంఠం దిగగలదని ఎవరూ అనుకోనంత లోతుకు దిగే మంద్రగాత్రం. ఇక ఆకాశం వద్దనుకొన్నారు. కారు ఇరుకు తెలిసినదే. 1955లో వారు పాత బస్సు ఒకటి కొని, అందులోని సీట్లు ఊడబెరికించి, పడకలు అమర్పించారు. ప్రయాణికుల బస్సును గాయకుల నివాసంగా మార్చిన మొదటివాడన్న ఘనత సాధారణంగా సమ్నర్‌కు కడతారు. ఇప్పుడు దేశమంతా తిరిగే జానపద గాయకులు, రాక్ సంగీతపు కోటీశ్వరులు ఎక్కే అద్దాల మేడల వంటి బస్సులన్నింటికీ మూలపురుషుడు ఆయనేనని చెబుతారు. మూలమేదో తెలిస్తే ఆ మేడల నునుపు కొంత తగ్గుతుంది. రెండు శవపేటికలను సాగనంపిన వారు భయంతో, దుఃఖంతో, ఇక ఒకరినొకరు విడువకుండా నేల మీదనే పోదామని చేసుకొన్న ఏర్పాటు అది.

ఆ బస్సుల లోపలి అమరిక చూస్తే ముచ్చటే కాదు, కొంత జాలి కూడా కలుగుతుంది. ముందు భాగంలో కూర్చొనే స్థలం, చిన్న బల్ల, కాఫీ కాచుకొనే పొయ్యి. నడుమ సన్నని నడవ. దానికి రెండు వైపులా మన రైలు పెట్టెలలో వలె ఒకదానిపై ఒకటిగా పడకలు. పడకకు పడకకు మధ్య లేచి కూర్చొనేంత ఎత్తు ఉండదు. ఒక మనిషి, ఒక తెర, తల దగ్గర ఒక చిన్న దీపం. అంతవరకే అతని సొంత ప్రపంచం. వెనుక బట్టల అర, అద్దం. వేదిక మీద అందరూ ఒకే రంగు కోట్లతో కనబడాలి గనుక బట్టల అరకు దక్కిన గౌరవం మనుషులకు దక్కదు. సామాను పెట్టే అడుగు గదులలో లౌడ్‌స్పీకర్లు, రికార్డుల పెట్టెలు. రికార్డులు బరువు, అమ్ముడుపోకపోతే పోయేటప్పుడు ఉన్న బరువే వచ్చేటప్పుడూ ఉంటుంది.

వ్రాయని శాసనాలు కొన్ని ఉన్నవి. కాళ్లు బస్సు ముందరి వైపు ఉండేట్లు పడుకోవాలి. హఠాత్తుగా ఆగితే దెబ్బ కాళ్లకు తగులుతుంది గాని తలకు తగలదు. బస్సులోని మరుగుదొడ్డిని చిన్న పనికే వాడుకోవాలి. పెద్ద పనికి పెట్రోలు బంకు వచ్చేదాకా ఓపిక పట్టవలసిందే. ఒకడు నడవలో లేచి నిలబడితే రెండవవాడు పడకలోనే ఆగాలి. దిగి ఎక్కడికైనా పోతే డ్రైవరుకు చెప్పి పోవాలి. చెప్పకుండా దిగి, లోపల అందరూ నిద్రపోతున్నారనుకొని బస్సు సాగిపోగా, అర్ధరాత్రి బంకు ముందు చెప్పులతో నిలబడిపోయిన గాయకుల కథలు ఈ లోకంలో పురాణాల వలె చెప్పుకొంటారు. ఇంత ఇరుకులో కలిసి ఉండడం గొంతు కలపడం కంటె కష్టం. వేదిక మీద శ్రుతి తప్పితే ఒక పాటతో పోతుంది. బస్సులో తప్పితే ఆరువందల మైళ్లు భరించాలి. ఒకరి గురక, ఇంకొకరి సిగరెట్టు, మరొకరు పొద్దున్నే చేసే ప్రార్థన, అప్పు తీర్చని ఒక నేస్తం. ప్రేమను గూర్చి పాడేవారికి ప్రేమ ఎంత కష్టమో తెలిసేది అక్కడనే.

ఇదంతా ఒక పాయ కథ. రెండవ పాయకు బస్సు వేరొక కారణం చేత అవసరమైంది. దానిని చెప్పకుండా ఈ బస్సును గూర్చి వ్రాయడం న్యాయం కాదు.

నల్లజాతి భక్తిగాయకులకు బాట ఎప్పుడూ తలుపులు మూసిన బాటే. 1871 అక్టోబరు 6న నాష్‌విల్ నుండి ఫిస్క్ విద్యాలయపు విద్యార్థులు తమ కళాశాల అప్పు తీర్చడానికి పాటలు పాడుతూ బయలుదేరారు. వారిలో చాలామంది బానిసలుగా పుట్టినవారు. వారి పాటకు జనం కన్నీరు పెట్టుకొన్న ఊళ్లలోనే హోటళ్లు వారికి గది ఇవ్వలేదు. (ఆ విద్యాలయపు పేరుతోనే ఫ్రెడరిక్ లౌడిన్ నడిపిన మరొక బృందం ఆస్ట్రేలియా మీదుగా భారతదేశానికి కూడా వచ్చి, తాజ్‌మహలులో పాడిందని చదివితే, ఆ పాలరాతి గోపురం కింద ఆ గొంతులు ఎట్లా మ్రోగి ఉంటాయో అనిపిస్తుంది.) ఆ తరువాత డెబ్బది ఏండ్లకు కూడా స్థితి మారలేదు. 1936 నుండి విక్టర్ హ్యూగో గ్రీన్ అనే టపా ఉద్యోగి నల్లజాతి ప్రయాణికుల కొరకు ఏటేటా ఒక పుస్తకం వెలువరించేవాడు. ఏ ఊరిలో ఎవరి ఇంట తల దాచుకోవచ్చునో, ఎక్కడ తిండి దొరుకుతుందో, ఏ బంకులో పెట్రోలు పోస్తారో అందులో ఉండేది. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చిన తరువాతనే అట్టి పుస్తకానికి పని తీరింది. మహాలియా జాక్సన్ అంతటి గాయని, 1971లో మన దేశానికి వచ్చి పాడి మన్ననలు పొందిన మహాలియా, దక్షిణాదిలో తిరిగేటప్పుడు గది దొరకదని, అన్నం దొరకదని, పడుకోవడానికి వీలైనంత పెద్ద కారు కొనుక్కొని తిండి అందులోనే నిలువ పెట్టుకొన్నానని స్వయంగా చెప్పుకొన్నది.

సిస్టర్ రొసెట్టా థార్ప్ బస్సే కొన్నది. 1915లో ఆర్కాన్సాస్ రాష్ట్రపు కాటన్‌ప్లాంట్ అనే ఊరిలో పుట్టి, పసితనం నుండే తల్లితో కూడా చర్చీలలో గిటారు వాయిస్తూ పాడిన ఆ స్త్రీ, 1950 ప్రాంతానికి పడకలున్న బస్సులో తన బృందంతో ఊరూరా తిరుగుతుండేది. బస్సు పక్కన ఆమె పేరు పెద్ద అక్షరాలతో వ్రాసి ఉండేది. లోపల పడుకొనేవారు హోటలు అక్కరలేక పడుకొన్నవారు కారు. హోటలు వారిని రానివ్వక పడుకొన్నవారు. తిండి కావలసివస్తే ఫలహారశాల పెరటి తలుపు దగ్గర నిలబడి తెచ్చుకొనవలసిందే. 1951 జూలై 3న వాషింగ్టన్ నగరంలో ఆట మైదానంలో టిక్కెట్లు కొని వేలాది మంది చూస్తుండగా ఆమె వివాహం జరిగి, ఆపైన ఆమె పెళ్లిబట్టలతోనే గిటారు పుచ్చుకొని పాడింది. అట్టి మనిషికి, మరునాడు దారిలో ఒక కప్పు కాఫీ ఎదుటి తలుపు గుండా దొరకదు.

మొదటి బస్సు ఎవరిది అనే వాదం వచ్చినప్పుడు తెల్లవారి చరిత్రలు సమ్నర్ దగ్గర ఆగిపోతవి. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే రొసెట్టా బస్సు అంతకుముందే రోడ్డు మీద ఉన్నది. ఇది ఎవరి గొప్పనూ తగ్గించడానికి కాదు. పడక కొరకు బస్సును కోరినవారు ఇరు పక్షాలా ఉన్నారు గాని, ఒక పక్షానికి ఆ బస్సు సదుపాయం, రెండవ పక్షానికి అది కోట. నల్లజాతివారు తమ సొంత బస్సులో ఎక్కడ కూర్చున్నా ఎవరూ లేవమనరు. అలబామాలో ఊరి బస్సు అట్లా కాదు. క్లాంటన్ నుండి నలభై మైళ్లకు మించి దూరం లేని మంట్‌గామరీ నగరంలో, బ్లాక్‌వుడ్ సోదరులు తమ బస్సు కొన్న ఆ 1955వ సంవత్సరంలోనే, డిసెంబరు 1న, రోజా పార్క్స్ తన సీటు విడవనన్నది. తరువాత 381 రోజులు ఆ నగరపు నల్లజాతివారు బస్సు ఎక్కకుండా నడిచారు. వారిని నడిపిన మార్టిన్ లూథర్ కింగ్ 1959లో గాంధీజీ దేశాన్ని చూడాలని ఇక్కడికి వచ్చిన సంగతి మనవారికి తెలిసినదే. 1961 మే 14న అదే రాష్ట్రంలో అనిస్టన్ పట్టణపు శివారున, తెల్లవారు, నల్లవారు పక్కపక్కన కూర్చొని వచ్చిన ఒక గ్రేహౌండ్ బస్సును మూకలు చుట్టుముట్టి తగులబెట్టినవి. ఆ రోడ్ల మీదనే, ఆ సంవత్సరాలలోనే, తెల్లవారి గాస్పెల్ బస్సులు తెరలు దించుకొని నిశ్చింతగా సాగిపోతుండేవి. అవి పోయి ఆగే సభలలో శ్రోతలు రంగును బట్టి వేర్వేరుగా కూర్చొనేవారు. ఆ గాయకులు దుష్టులని కాదు. చాలామంది నల్లవారి పాటలను నేర్చుకొని ప్రేమతోనే పాడారు. పాటను లోపలికి రానిచ్చి పాడినవారిని వెలుపల నిలబెట్టిన లోకంలో వారు వేదిక దిగి ఒక మాట అనలేదు. అన్నవారు తక్కువ.

రొసెట్టా 1973 అక్టోబరులో ఫిలడెల్ఫియాలో మరణించింది. బస్సు మీద అంత పెద్ద అక్షరాలతో ఉండిన పేరు ఆమె సమాధి మీద ముప్పది ఏండ్లకు పైగా లేదు. 2008లో అభిమానులు కచేరీ జరిపి నిధి సమకూర్చిన మీదట గాని అక్కడ రాయి నిలువలేదు.

పరలోకంలో ఒక ఇల్లున్నదని, అక్కడ ఎడబాటు లేదని పాడడం ఈ సంగీతానికి ప్రాణం. పాడేవారికి ఇహలోకంలోని ఇంటితో పొత్తు తక్కువ. భార్య ఒక ఊరిలో, భర్త ఒక బస్సులో. బిడ్డ మొదటి అడుగు వేసిన వార్త పెట్రోలు బంకు ఫోనులో వినాలి. అందుచేతనే కావచ్చు, కొందరు కుటుంబాన్నంతటినీ బస్సు ఎక్కించారు. తల్లి, తండ్రి, కొడుకులు, కోడళ్లు ఒకే బృందం. స్పియర్, గుడ్‌మన్ కుటుంబాలు ఈ విధంగా పేరుపొందినవి. మన సురభి నాటక సమాజాలలో పిల్లలు తెర వెనుక పుట్టి తెర ముందుకు నడిచి వచ్చినట్లే, అక్కడ పిల్లలు నడవలో పాకి, పడకలలో పాఠాలు చదివి, పదేండ్లకే మైకు ముందు నిలబడతారు. ఇది అదృష్టమో కాదో పిల్లలనే అడగాలి. సురభివారికి ఒక ఊరిలో నెలల తరబడి పందిరి వేసుకొని ఉండే వీలైనా ఉండేది. బస్సువారికి ఒక రాత్రి.

యంత్రాన్ని గూర్చి కూడా కొంత చెప్పాలి. గాస్పెల్ బృందాలు కొత్త బస్సు కొనడం అరుదు. పెద్ద ప్రయాణిక సంస్థలు లక్షల మైళ్లు నడిపి తీసివేసినవాటిని కొని బాగు చేయించుకొంటారు. 1953 నుండి జనరల్ మోటార్స్ తయారుచేసిన 4104 నమూనా ముప్పదియైదు అడుగుల బస్సు చాలాకాలం వారికి ఇష్టమైనది; గాలి తిత్తుల మీద తేలుతూ పోవడం చేత లోపలి పడక కుదిపేది కాదు. తరువాత నలభై అడుగుల ఈగిల్ బస్సులు వచ్చినవి. సొగసైనవే గాని తుప్పు పట్టడంలో అంత ప్రసిద్ధమైన బండి మరొకటి లేదని నడిపినవారు నవ్వుతూ చెబుతారు. ఈనాడు కెనడాలోని క్వెబెక్‌లో తయారయ్యే ప్రెవో బస్సులు నలభైయైదు అడుగులు ఉంటవి. 1957లో సమ్నర్, జేమ్స్ బ్లాక్‌వుడ్ మెంఫిస్‌లో ప్రారంభించిన క్వార్టెట్ల జాతీయ సమావేశం ఏటేటా జరిగేటప్పుడు ఈ బస్సులు వరుసగా బారులు తీరి నిలుస్తవి. వినడానికి వచ్చినవారు పాటల కంటె ముందు బస్సులు చూస్తారు. ఎవరిది పొడవు, ఎవరిది కొత్త రంగు, ఎవరి పక్కన ఎంత పెద్ద బొమ్మ! పాటలో బంగారు వీధులను పాడి, వెలుపల బస్సు పొడవును గూర్చి అసూయపడడం మానవ సహజమే. దానికై చేసిన అప్పు తీర్చలేక విడిపోయిన బృందాలు కూడా ఉన్నవని మరువరాదు. 2020లో మహమ్మారి వచ్చి సభలన్నీ ఆగిపోయినప్పుడు ఆ బస్సులు నెలల తరబడి ఇండ్ల పక్కన, చర్చీల ఆవరణలలో ఊరక నిలబడినవి. చిన్న బృందాలు వ్యానుతో, దాని వెనుక తగిలించిన సామాను బండితో కాలం గడుపుతున్నవి. నూరేండ్ల కిందటి ఇరుకు వారికి తిరిగి వచ్చింది.

నేల మీదనే పోదామన్న ఆ పాత నిశ్చయం అందరూ పాటించలేదు, పాటించడం సాధ్యమూ కాదు. 2024 జూలై 26న నెలన్స్ అనే కుటుంబ బృందం అలాస్కా ఓడయాత్రలో పాడడానికి పోతూ ప్రయాణించిన విమానం వయోమింగ్ రాష్ట్రంలో కూలింది. అందులో ఉన్న ఏడుగురూ మరణించారు. క్లాంటన్‌కు సరిగా డెబ్బది ఏండ్లు. వార్త వినగానే ఆ లోకపు వృద్ధులకు ఆ మైదానమే గుర్తుకు వచ్చి ఉంటుంది.

సమ్నర్ 1971 నుండి 1977 వరకు తన బృందంతో ఎల్విస్ ప్రెస్లీ వెంట తిరిగి, ఎల్విస్ పోయిన తరువాత మళ్లీ తన గాస్పెల్ బాట పట్టాడు. 1998 నవంబరులో డెబ్బది నాలుగవ ఏట, దక్షిణ కరోలినాలోని మర్టిల్ బీచ్‌లో, పాడడానికి పోయిన ఊరి హోటలు గదిలో నిద్రలోనే కన్నుమూశాడు.

సాధారణపు బృందాలకు పెద్ద పేరు లేదు, విమానమూ లేదు. వారిలో ఒకడు పాఠశాలలో పని చేస్తాడు, ఒకడు కార్లు అమ్ముతాడు, ఒకడు చర్చి పాదిరి. గురువారం సాయంత్రం బస్సు ఎక్కి, శుక్రవారం ఒక ఊరు, శనివారం ఒక ఊరు, ఆదివారం ఉదయం ఒక చర్చి, సాయంత్రం మరొక చర్చి పూర్తి చేస్తారు. టిక్కెట్టు లేదు, పళ్లెంలో పడిన కానుకే ప్రతిఫలం. పళ్లెం ఎంత నిండిందో లెక్క చూసేవాడు ముఖం మీద ఏమీ కనబడనివ్వడు. చివరి పాట కాగానే తీగలు చుట్టి, పెట్టెలు అడుగు గదులలోకి తోసి, కోట్లు అరలో తగిలించి పడకలలోకి దూరుతారు. డ్రైవరు ఒక్కడే మేలుకొని ఉంటాడు. అతని ముందు దీపాల వెలుగులో రోడ్డు, వెనుక తెరల వెంబడి నలుగురి ఊపిరి. ఆ నలుగురి ఊపిరులు వేర్వేరు స్థాయిలలో ఉండడం అతనికే తెలుసు.

సోమవారం తెల్లవారుజామున బస్సు చర్చి ఆవరణలో ఆగుతుంది. వారి కార్లు గురువారం నుండి అక్కడే మంచులో తడిసి ఉంటవి. ఒక్కొక్కరే సంచి పట్టుకొని దిగి, ఎక్కువ మాటలు లేకుండా, కారు అద్దం చేతితో తుడుచుకొని పోతారు. ఎనిమిదింటికి పనిలో ఉండాలి. డ్రైవరు ఇంజను ఆపి, నడవ ఊడ్చి, మురుగు తొట్టి ఖాళీ చేసి, వెనుక పడక మీద ఎవరో మరచిపోయిన టై మడిచి ముందు సీటు మీద పెట్టి తాళం వేస్తాడు. నొసటి మీది బోర్డులోని దీపం ఆర్పడం మరచి మళ్లీ వెనుకకు వస్తాడు.